దిగజారిన పేగును నిలుపు మార్గములు

“వెలికి వచ్చినదానిని లోనికి నెట్టి నాలుగు కుట్లు వేసినచో సరిపోదా? దీనికిన్ని పరీక్షలును, ఇంత తర్జనభర్జనయు నెందులకు?” అని గుదభ్రంశముతో బాధపడు రోగిని వెంటబెట్టుకొని వచ్చిన బంధువులు వైద్యుని అడుగుట కద్దు. ప్రశ్న సహజమైనదే. చేతితో నెట్టగా లోనికి పోయినది, దగ్గినంతనే, బరువెత్తినంతనే, మరల దొడ్డికి కూర్చున్నంతనే వెలికి వచ్చుచుండగా, ఆ ద్వారమును కొంత బిగించిన చాలునని ఎవరికైనను తోచును. శస్త్రవైద్యులకును మొదట తోచినది అదియే. అది చాలకపోవుటచేతనే, గడచిన నూటయేబది యేండ్లలో ఈ యొక్క వ్యాధికి నూటికి పైబడిన శస్త్రచికిత్సా విధానములు పుట్టినవి. ఇన్ని విధానములు పుట్టినవనగా, వానిలో నేదియు అందరు రోగులకును ఒప్పలేదని తెలియుచునే యున్నది.

ఈ వ్యాధి పేరు నలుగురిలో ఎత్తువారు అరుదు. గర్భసంచి జారినదని చెప్పుకొనుటకు జంకని ముదుసలి యిల్లాలు సైతము, ఆసనము జారుచున్నదని కన్నకూతురితోనైనను చెప్పక, పాతచీర పేలిక నొకదానిని మడిచి అడ్డుపెట్టుకొని, పెండ్లిండ్లకును పేరంటములకును దూరమై, ఇంటిపట్టుననే కాలము గడపును. ఆమె సిగ్గుపడి దాచిన ప్రతి సంవత్సరమును చికిత్సను మరింత కష్టసాధ్యము చేయుచుండును. ఏలననగా, జారిన పేగు మాటిమాటికి దాటివచ్చుటచేత ద్వారమును మూయు కండరము సాగును. దానిని నడపు నాడియు సాగి దెబ్బతినును. పేగును ఏనాడైనను పైకెత్తవచ్చును గాని, అట్లు చెడిన నాడిని బాగుచేయు శస్త్రము లేదు.

జారుచున్నది ఏది?

మొట్టమొదట తేల్చుకొనవలసినది, ఇవి మొలలు కావని. మన పట్టణములలో బస్సుస్టాండు గోడలమీదను, రైలుకట్ట ప్రక్క ప్రహరీలమీదను, ఆపరేషను లేకుండ మొలలును లూటీలును మాన్పుదుమని వ్రాసియుండు ప్రకటనలను చూచి, ఆసనమునుండి ఏది వెలికి వచ్చినను మొలయే యని తలచి, లేపనములు పూసికొనుచు, సూదిమందులు పొడిపించుకొనుచు ఏండ్లు వెళ్లబుచ్చినవారు పెక్కురు. మొలలు మలద్వారపు లోయంచున ఉబ్బిన రక్తనాళపు గడ్డలు. అవి వెలికి వచ్చినపుడు వాని నడిమి గాడులు ద్వారము మధ్యనుండి అంచుల వైపునకు సాగును. గుదభ్రంశమునందు పేగుగోడ యంతయు, సకల పొరలతోడను, నలువైపుల చుట్టి దిగును గనుక, దానిమీది మడతలు వలయములై, ఒకదాని వెలుపల నొకటిగ అగపడును. రోగిని బల్లమీద పరుండబెట్టినపుడు ఏమియు కానరాకపోవచ్చును. మరుగుదొడ్డిలో కూర్చుండబెట్టి ముక్కించి చూచిన వైద్యునికే ఈ భేదము నిశ్చయముగ తెలియును. ఈనాడు కొందరు ఇంటివద్దనే సెల్‌ఫోనుతో ఫొటో తీసికొని వచ్చి, తలవంచుకొని చూపుచున్నారు. వైద్యుడు దానికి సంతోషించునే గాని నవ్వడు. అది సగము పరీక్షను తప్పించును.

పురీషనాళము పెద్దపేగునకు చివరి భాగము. 12 మొదలు 15 సెంటీమీటర్ల పొడవు గలిగి, వెన్నెముక కొసనున్న త్రికాస్థి వంపును అనుసరించి దిగును. వెనుకనున్న ఎముకకును, ఇరుప్రక్కల గోడలకును అది మెత్తని కణజాలముచేతను, పార్శ్వబంధనములచేతను పట్టియుండును. కటిభాగము నడుగున పరచుకొన్న కండరములు దానిని క్రిందినుండి మోయును. తుదిని రెండు వలయకండరములు, ఒకటి మన యిచ్ఛకు లోబడినది, రెండవది లోబడనిది, ద్వారమును మూసియుంచును.

మన తాతలు రొంటిని దోపుకొనెడి వక్కాకు సంచి నొకదానిని తలచుకొందము. దానికి వెలుపలి గుడ్డయు, లోపలి అస్తరును, మూతికి బొందును ఉండును. అస్తరు అడుగున కుట్టబడి యున్నంతకాలము, ఎన్నిమార్లు చేయి పెట్టి వక్కపలుకు తీసినను అది కదలదు. ఆ అడుగుకుట్టు విడిపోయినచో పలుకుతో పాటు అస్తరును తిరుగబడి మూతిలోనుండి వెలికి వచ్చును. పలుమార్లు వచ్చుటచేత మూతి సాగును. సాగిన మూతిలోనుండి మరింత వచ్చును. ఇప్పుడు దర్జీ యేమి చేయగలడు? బొందు బిగింపవచ్చును, వెలికి వచ్చినంత మేర కత్తిరింపవచ్చును, కత్తిరింపక మడతలు పెట్టి కుదింపవచ్చును, లేదా సంచిని విప్పి, అస్తరును లోపల అడుగునకు మరల కుట్టవచ్చును. శస్త్రవైద్యులు కనిపెట్టిన నూరు విధానములును ఈ నాలుగు పనులలో ఒకదానికో, రెండింటి కలయికకో చెందినవే.

పేగు జారుట యెక్కడ మొదలగుననుదానిపై చిరకాలము వాదము నడచినది. 1912లో మోష్కోవిట్స్ అను శస్త్రవైద్యుడు, పురీషనాళమునకు ముందున్న ఉదరపొర సంచి లోతుగా దిగి, దాని ముందుగోడను త్రోసికొని వచ్చుచున్నదనియు, కనుక ఇది ఒక విధమగు హెర్నియా యనియు వాదించెను. 1968లో బ్రోడెన్, స్నెల్మన్ అనువారు కదలెడి ఎక్స్‌రే చిత్రములు తీసి, రోగి ముక్కుచుండగా పేగు తనలో తానే, ద్వారమునకు చాల ఎగువననే, చుట్టంతయు దూరుకొనుచు దిగివచ్చుటను కనులకు కట్టించిరి. ఈ వాదము పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. జారుట పైననెక్కడనో మొదలగుచున్నచో, మూతివద్ద కుట్లు వేసిన నేమి ఫలము? మొదట అడిగిన ప్రశ్నకు సగము సమాధాన మిచ్చటనే యున్నది.

ఇక ఎవరికి వచ్చునందురా, ఏబదియేండ్లు దాటిన స్త్రీలకు ఆ వయసు పురుషులకంటె సుమారు ఆరురెట్లు అధికముగ వచ్చును. కాన్పులే కారణమని చెప్పి వేయుటకు వీలులేదు. ఈ వ్యాధి వచ్చిన స్త్రీలలో ఇంచుమించు మూడవవంతు మంది ఒక్క కాన్పైనను లేనివారు. దీర్ఘకాలపు మలబద్ధము, ముక్కుచు కూర్చుండు అలవాటు, కటికండరముల సడలింపు, పొడవు మితిమీరిన పేగు, ఇవన్నియు పాలుపంచుకొనును. రోగులలో సగముకంటె నెక్కువమందికి మలము తమ యదుపులో నుండదు. మరికొందరికి మలబద్ధమే ప్రధాన బాధ. శస్త్రచికిత్సను ఎన్నుకొనుటలో ఈ రెండవ విషయమునకు గల ప్రాముఖ్యము ముందు తెలియగలదు.

క్రిందినుండి చేయు ప్రయత్నములు

మన సుశ్రుతుడు గుదభ్రంశమును క్షుద్రరోగములలో చేర్చి, అతిగ ముక్కుటవలనను, అతిసారమువలనను, దుర్బలదేహులకు కలుగునని చెప్పెను. కాపు పెట్టి, తైలము పూసి, మెత్తబడిన పేగును లోనికి ప్రవేశపెట్టి, నడుమ రంధ్రము గల తోలుపట్టీతో కట్టవలెనని ఆయన విధించిన చికిత్స. రంధ్రమెందులకని ఆలోచించినచో ఆ వైద్యుని జాగరూకత తెలియును: అపానవాయువునకు దారి విడువక కట్టిన కట్టు నిలువదు. నేడును అత్యవసర చికిత్సాగృహములలో, వెలికి వచ్చి వాచి లోనికి పోనొల్లని పేగుమీద వైద్యులు వంటింటి పంచదారను దట్టముగ చల్లుదురు. పంచదార వాపులోని నీటిని తనవైపునకు లాగికొనును. కొంతసేపటికి పేగు కుంచించుకొనిపోగా, మెల్లని ఒత్తిడితో లోనికి పంపుదురు. పేగు నల్లబడియున్నచో మాత్రము ఈ ఉపాయము పనికిరాదు. రక్తప్రసరణ నిలిచినదని యెరిగి వెంటనే శస్త్రము పట్టవలసినదే.

బొందు బిగించుపనిని 1891లో జర్మనీదేశపు లైప్‌జిగ్ నగరమున కార్ల్ థియర్ష్ చేసిచూపెను. మలద్వారము చుట్టును చర్మము క్రింద వెండితీగ నొకదానిని త్రిప్పి, వ్రేలు పట్టునంత సందు విడిచి ముడివేసెను. పని పదినిముషములది, మత్తు స్వల్పము, రోగి ఎంత వృద్ధుడైనను తట్టుకొనును. కాని తీగ తెగును, లేదా కండను కోసికొని వెలికి వచ్చును, లేదా చీము పట్టును. ఇవేవియు కాకున్నను, లోన జారుచున్న పేగు జారుచునే యుండి, మలము బిగిసిన ద్వారమువద్ద అడ్డుపడి గట్టిపడును. మొదటి ప్రశ్న నడిగిన బంధువులు కోరినది సరిగ ఈ చికిత్సనే. దానిని నేటి వైద్యులు దాదాపు విడిచివేసిరి.

1900లో ఫ్రెంచి సైనిక శస్త్రవైద్యుడు ఎడ్మండ్ డెలోర్మ్ చెప్పిన పద్ధతి మడతలు పెట్టి కుదించునది. ఇది నేటికిని నిలిచియున్నది గనుక, కొంచెము దగ్గరగా చూతము. వెన్నులో మత్తుసూది వేసి, రోగి కాళ్లను ఎత్తి కట్టి, పేగును పూర్తిగ వెలికి లాగుదురు. లోపలి మెత్తని శ్లేష్మపు పొర క్రింద, రక్తనాళములను ముడుచుకొనజేయు మందు కలిపిన ఉప్పునీటిని సూదితో ఎక్కించుదురు. ఆ పొర నీటితో ఉబ్బి కండరమునుండి విడివడును. ద్వారపు అంచునకు కొంచెము ఎగువను చుట్టూ గంటు పెట్టి, ఆ పొరను గొట్టముగ, చిరుగకుండ, వెలికి వచ్చిన పేగు కొసవరకు ఒలిచికొని పోవుదురు. లోనుండి ఎఱ్ఱని కండరము బయల్పడును. దానిలో నిలువుగా, నలువైపుల, వరుసగ కుట్లు దించి, అన్నిటిని దించినపిమ్మట ఒక్కొక్కదానిని ముడివేయగా, అంతపొడవు కండరము మడతలుపడి దళసరి వలయమై లోనికి పోవును. ఒలిచిన పొరను కత్తిరించి, మిగిలిన అంచులను కలిపి కుట్టుదురు. ఉదరము తెరువలేదు, పేగును నిలువున కోయలేదు. రోగి మరునాడే లేచి తిరుగును; నొప్పి ఆశ్చర్యకరముగ స్వల్పము. లోపమొక్కటే: ఎగువన పట్టు లేని పేగు ఎగువననే యున్నది గనుక కొందరికి మరల జారును.

వెలికి వచ్చినంత మేర కత్తిరించు పద్ధతిని 1889లో మికులిచ్ చేసియుండెను. అమెరికాలోని సిన్సినాటి నగరమునందు విలియం ఆల్టిమెయర్ దానిని సంస్కరించి, తన 19 సంవత్సరముల అనుభవమును 1971లో ప్రకటించుటతో అది ఆయన పేరనే ప్రసిద్ధమైనది. ఇందు పేగుగోడను పూర్తిగ కోసి, జారిన పురీషనాళమును, దానితో దిగివచ్చిన పెద్దపేగు కొంత భాగమును, రక్తనాళములను ఒక్కొక్కటిగ కట్టుచు తొలగించి, మిగిలిన కొసను ద్వారమునకు ఎగువను విడిచిన అంచుతో అతుకుదురు. అతుకక ముందు సడలిన కటికండరములను రెండువైపులనుండి దగ్గరకు తెచ్చి కుట్టుటకును ఇచ్చట వీలుండుట దీని విశేషము. అతుకు విడిపోవుట అరుదే గాని, విడిపోయినచో అపాయము. మలము నిలువయుండు సంచి పోయినది గనుక కొందరు మాటిమాటికి, ఆపుకొనలేక, దొడ్డికి పరుగెత్తవలసి వచ్చును. చాలసేపు వెలుపలనే చిక్కి నల్లబడిన పేగునకు మాత్రము ఇదియే శరణ్యము.

పైనుండి కట్టివేయుట

అడుగుకుట్టు వేయదలచిన దర్జీ సంచిని విప్పవలెను. శస్త్రవైద్యుడు ఉదరమును తెరువవలెను. 1990 తరువాత ఈ తెరచుట చాలవరకు సన్నని గొట్టములద్వారా, కెమెరా సాయమున, లాపరోస్కోపు పద్ధతిని జరుగుచున్నది. పని సూత్రమొక్కటే: పురీషనాళమును చుట్టుప్రక్కల కణజాలమునుండి విడదీసి, పైకి లాగి నిటారుగ నిలిపి, త్రికాస్థికి బంధించుట. కొన్ని వారములలో విడదీసిన చోటెల్ల మచ్చకట్టి, ఆ మచ్చయే పేగును ఎముకకు అంటించును. కుట్లు అంతవరకు పట్టియుంచుటకే.

దేనితో బంధించవలెననుదానిపై వైద్యులు చేయని ప్రయోగము లేదు. 1952లో రిప్‌స్టైన్ పేగు ముందునుండి ఒక పట్టీని త్రిప్పి రెండుకొసలను ఎముకకు కుట్టెను. పట్టీ బిగిసిన రోగులకు మలమార్గమే ఇరుకైనది. 1959లో ఇంగ్లాండునందు వెల్స్ పేగు వెనుక ఒక కృత్రిమమైన స్పంజి ముక్కను పెట్టెను. పట్టు గట్టిదే గాని, చీము పట్టినచో ఆ స్పంజిని తీసివేయుట గగనమయ్యెను. చివరకు తేలినదేమనగా, ఏ పరాయి వస్తువును లేకుండ, రెండుమూడు మామూలు కుట్లు వేసినను ఫలితమించుమించు సమానమే. త్రికాస్థి ముందరనున్న సిరలకు సూది తగిలినచో రక్తమాపుట మహాకష్టము గనుక, ఆ రెండుమూడు కుట్లు వేయు నిముషములే ఈ శస్త్రమందు వైద్యుడు ఊపిరి బిగబట్టు నిముషములు.

జారుట మానినది, కాని రోగులు సంతోషింపలేదు. ఇదివరకు లేని మలబద్ధము కొందరికి కొత్తగ పట్టుకొన్నది, ఉన్నవారికి ముదిరినది. కారణము వెదుకగా పార్శ్వబంధనములవద్దకు చేరినది. పేగును సంపూర్ణముగ విడదీయుటకై వానిని కోయుదురు. వానివెంటనే పేగునకు పోవు సన్నని నాడులును తెగును. కోసినచో మరల జారుట తగ్గును, మలబద్ధము హెచ్చును. కోయకున్నచో దీనికి విపర్యయము. ఈ వ్యాధి చికిత్సలోని ధర్మసంకటమంతయు ఈ రెండు పిడికెళ్ల కణజాలములో ఇమిడియున్నదనిన అతిశయోక్తి కాదు.

దీనినుండి బయటపడుటకు రెండు దారులు దొరకినవి. మిన్నెసోటాలో ఫ్రిక్‌మన్ 1955లో ఆరంభించి, పిదప గోల్డ్‌బర్గ్‌తో కలిసి 1969లో వివరించినది మొదటిది: పురీషనాళమును కట్టివేయుటయే గాక, దానికి ఎగువను మెలికలు తిరిగి పొడవు మితిమీరిన పేగు భాగమును గూడ కోసి తీసివేయుట. మలబద్ధముతో కృశించువారికి ఇది మేలు. మలము అదుపులో లేనివారికి మాత్రము దీనిని తలపెట్టరాదు. ఉన్న బాధకు విరేచనములు తోడగును.

రెండవది బెల్జియములోని లూవెన్ నగరమున ఆండ్రే డోర్ 2004లో ప్రకటించినది. ఆయన పేగు వెనుకను, ప్రక్కలను అసలు ముట్టలేదు. ముందువైపుననే, స్త్రీలలో యోనికిని పురీషనాళమునకును నడుమ, క్రిందివరకు సందుచేసి, సన్నని జాలీపట్టీ నొకదానిని పేగు ముందుగోడకు కుట్టి, దాని పైకొసను త్రికాస్థి పైయంచునకు బిగించెను. నాడులు నిలిచినవి, మలబద్ధము చాలమందికి హెచ్చుటకు మారు తగ్గినది, జారిన యోనిగోడయు దానితోపాటే పైకి లేచినది. యూరపునందు నేడు శరీరము తట్టుకొనగల స్త్రీలకు తరచుగ చేయుచున్నది ఇదియే. జాలీ గనుక, నూటికి ఒకరిద్దరికి అది పేగులోనికో యోనిలోనికో ఒరసికొని వచ్చును. యోనిద్వారా పెట్టు జాలీల విక్రయమును అమెరికా ప్రభుత్వము 2019లో ఆపించినపిమ్మట జనులు అన్ని జాలీలను ఒకేకంట చూచుచున్నారు. ఉదరమార్గమున పెట్టునది వేరు, దానికి అంత అపకీర్తి తగదు. అయినను ఆ ప్రశ్న వైద్యునడిగి తెలిసికొనుట రోగి హక్కు.

ఎవరికి ఏది?

పూర్వపు గ్రంథములన్నియు, పైనుండి చేసినది గట్టిగ నిలుచుననియు, క్రిందినుండి చేసినది తేలికయే గాని నూటికి పది మొదలు ముప్పదిమందికి మరల జారుననియు బోధించుచుండెను. దీనిని నిగ్గుతేల్చుటకు బ్రిటిషు వైద్యులు పూనుకొని, ప్రాస్పర్ అను పేర 293 మంది రోగులతో ఒక పరీక్ష నడిపి, 2013లో ఫలితము ప్రకటించిరి. ఆల్టిమెయర్ పద్ధతిని చేసినవారిలో 102 మందికి 24 గురికిని, డెలోర్మ్ పద్ధతిని చేసినవారిలో 99 మందికి 31 మందికిని మరల జారినది. ఈ భేదము కాకతాళీయము కావచ్చునని గణితము చెప్పినది. ఉదరమార్గమునకును అధోమార్గమునకును పోటీపెట్టుటకు సమ్మతించినవారు 49 మందియే. ఏది చేయవలెనో తమకు ముందే తెలుసునని వైద్యులు నమ్మియుండుటయే దానికి కారణము కావచ్చును. ఏ పద్ధతి చేసినను రోగుల జీవితము మెరుగుపడినది. ఒకటి మిన్న యని మాత్రము తేలలేదు. 2015లో 15 పరీక్షలను, 1007 మంది రోగులను కలిపి చూచిన మరియొక సమీక్షయు ఇదే తీర్పు చెప్పినది. అయితే పార్శ్వబంధనముల సంకటమును, లాపరోస్కోపువలన ఆసుపత్రి వాసము తగ్గుటను అది ధ్రువపరచినది.

కనుక వైద్యుడు రోగమును గాక రోగిని చూచి నిర్ణయించును. ఎనుబదియేండ్ల వృద్ధురాలు, గుండెజబ్బు గలది, పూర్తిమత్తునకు తగనిది, అయినచో క్రిందిమార్గము. పేగు కొద్దిగ జారినచో డెలోర్మ్, చాల జారినచో ఆల్టిమెయర్. ఆరోగ్యవతియగు నడివయసు స్త్రీకి పైమార్గము. యువకుడైన పురుషుని విషయమున కొంత సంకోచము గలదు. కటిభాగములోని నాడులు దెబ్బతిన్నచో పుంస్త్వమునకు హాని కలుగవచ్చునని ముందుగ చెప్పి, అతని యంగీకారము పొందవలెను. పెద్దపేగులో పుండుగాని, కేన్సరుగాని లేదని కొలనోస్కోపుతో చూచి మరి శస్త్రమునకు దిగవలెను.

పిల్లల సంగతి వేరు. నాలుగేండ్లలోపు బిడ్డకు పేగు జారినదని తల్లులు బెదిరిపోవుదురు గాని, విరేచనములను, నులిపురుగులను, పోషకాహార లోపమును, మలబద్ధమును సరిచేసి, పీటమీద గంటలకొలది కూర్చుండబెట్టుట మాన్పించినచో, ఎక్కువమందికి శస్త్రము లేకయే తగ్గిపోవును.

శస్త్రమైనపిమ్మట ముక్కరాదు, ఇసబ్గోలు, పీచుపదార్థములు, నీరు విరివిగ తీసికొనవలెను, కొన్ని వారములు బిందెలు మోయరాదు. పేగు నిలిచిన మరునాడే మలము అదుపులోనికి రాలేదని నిరాశపడువారున్నారు. సాగిన కండరమును నాడియు కోలుకొనుటకు ఆరుమాసములు మొదలు ఏడాది పట్టును; కొందరికి పూర్తిగ రాదు.

మరల జారినవారికి మరల చేయవచ్చును. అయితే రెండవ శస్త్రవైద్యునికి మొదటిదానిలో ఏమి కోసిరో, ఎచ్చట అతికిరో తెలియవలెను. ఆల్టిమెయర్ పద్ధతిలో క్రింద ఒక అతుకు పడినది. అది తెలియక ఎగువను మరియొక భాగమును కోసి అతికినచో, రెండు అతుకుల నడిమి పేగునకు రక్తము చేరు దారులు రెండువైపులను తెగి, ఆ ముక్క కుళ్లిపోవును. కనుక ఆసుపత్రినుండి ఇంటికి పంపునపుడిచ్చు డిశ్చార్జి కాగితమును, దానిలో ఆపరేషను వివరము వ్రాసియున్నదో లేదో చూచుకొని, రేషను కార్డుతో పాటు భద్రపరచవలెను.